తక్కువ తింటే తగ్గేది షుగరా, బిడ్డా?

ప్రశ్న: మేడమ్, మేము ఉప్పల్‌లో ఉంటాం. నా వయసు 28. తొలి కాన్పు, ఇప్పుడు 29వ వారం. గత నెల గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసిన పరీక్షలో పరగడుపున 90, గంటకు 192, రెండు గంటలకు 148 వచ్చింది. గర్భంతో వచ్చిన షుగర్ అన్నారు. భయమేసి అన్నం దాదాపు మానేశాను. పొద్దున టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లు, మధ్యాహ్నం కొంచెం అన్నం, సాయంత్రం రాగి జావ. రాత్రి ఏమీ తినడం లేదు. మొన్న చెకప్‌కి వెళ్తే మూడు వారాలుగా బరువు పెరగలేదని, యూరిన్‌లో కీటోన్స్ ఉన్నాయని డాక్టర్ కోప్పడ్డారు. మా అత్తయ్య ఇద్దరి కోసం తినాలంటారు. మా అమ్మేమో తక్కువ తింటేనే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువవుతుందంటుంది. నా షుగర్ ఎక్కువైతే బిడ్డ లావెందుకవుతుంది? నేను తినకపోతే చిక్కిపోతుందా? నేను పుట్టినప్పుడు రెండు కిలోలే ఉన్నానట. ఇదంతా నా తప్పేనా? వచ్చే నెల శ్రీమంతం పెట్టుకున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ముందు ఈ రాత్రి భోజనం చేయండి అమ్మా. రెండు చిన్న జొన్న రొట్టెలు, ఒక గిన్నె పప్పు, ఏదైనా ఆకుకూర, కాస్త పెరుగు. తిన్నాక మీ అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనే పది, పదిహేను నిమిషాలు నడవండి. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని మిగతాది చదవండి.

ఇది మీ తప్పేనా అని అడిగారు. కాదు. మీకు షుగర్ తెచ్చిపెట్టింది మీరు తిన్న స్వీట్లూ కాదు, చేయని వాకింగూ కాదు. మూలం మాయలో, అంటే బిడ్డను తల్లికి కలిపే ప్లాసెంటాలో ఉంది.

లేబర్ రూమ్‌లో కొత్తగా పని చేస్తున్న రోజుల్లో, కాన్పయ్యాక పడిన మాయను ట్రేలో పెట్టి, ఏ ముక్కా లోపల ఉండిపోలేదని చూసి రాయడం నా పనిగా ఉండేది. అరకిలో తూగుతుంది. రెండు అరచేతులు పక్కపక్కన చాపితే దాదాపు అంత వెడల్పు. తల్లికి అంటుకుని ఉన్న వైపు ముదురు ఎరుపుగా, గడ్డలు గడ్డలుగా ఉంటుంది. తిప్పి చూస్తే బిడ్డ వైపు నున్నగా, నీలంగా మెరుస్తుంటుంది. మధ్యలోంచి బొడ్డుతాడు లేచి ఉంటుంది, దాని చుట్టూ రక్తనాళాలు చెట్టు వేర్లలా పరుచుకుని ఉంటాయి. ఇంత చిన్న వస్తువు తొమ్మిది నెలలు బిడ్డకు ఊపిరితిత్తులుగా, పేగులుగా, మూత్రపిండాలుగా పని చేసిందంటే మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు. తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ అక్కడ పక్కపక్కనే పారతాయి కానీ కలవవు. మధ్యలో పలచటి పొర ఉంటుంది. ఆ పొరను ఏది దాటుతుంది, ఏది దాటదు అన్నది తెలిస్తే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

గ్లూకోజ్ దాటుతుంది. మీ రక్తంలో ఎంత ఎక్కువుంటే బిడ్డకు అంత ఎక్కువ వెళ్తుంది. మీ ఇన్సులిన్ మాత్రం దాటదు. అంటే అదనపు చక్కెర బిడ్డకు చేరుతుంది గానీ, దాన్ని సర్దడానికి మీ నుంచి సాయం వెళ్లదు. అప్పుడు బిడ్డ క్లోమమే ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేయడం మొదలుపెడుతుంది. పెద్దవాళ్లలో ఇన్సులిన్ అంటే షుగర్ తగ్గించే మందనే అనుకుంటాం. కడుపులో బిడ్డకు అది ఎదుగుదల హార్మోను కూడా. కాలేయం పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది, భుజాల దగ్గర, పొట్ట దగ్గర లావవుతుంది. తల మాత్రం మామూలుగానే ఉంటుంది. అందుకే ఇలాంటి పిల్లలకు కాన్పులో తల బయటికొచ్చాక భుజం ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. ఈ లెక్కను 1950లలోనే కోపెన్‌హాగెన్ డాక్టర్ యోర్గెన్ పెడర్సన్ వివరించాడు.

తర్వాత 2008లో హాపో అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 9 దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భిణులను పరీక్షించి చూస్తే, షుగర్ జబ్బు అనిపించుకోని అంకెల్లో కూడా, తల్లి గ్లూకోజ్ ఒక్కో మెట్టు పెరిగే కొద్దీ బిడ్డ బరువూ, బొడ్డుతాడు రక్తంలో బిడ్డ ఇన్సులిన్ జాడా పెరుగుతూ వచ్చాయి. ఇక్కడిదాకా క్షేమం, ఇక్కడి నుంచి ప్రమాదం అని గీత గీసే చోటు కనిపించలేదు. మరి మనకు చెప్పే పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 ఏమిటంటే, ఆ వాలులో నిపుణులు కూర్చుని ఒప్పుకున్న గీతలు. మూడింటిలో ఒక్కటి దాటినా గర్భంతో వచ్చిన షుగర్ అంటారు. మీ పరగడుపు అంకె మంచిదే, గంట అంకె ఒక్కటే దాటింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరగడుపుతో పని లేకుండా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటలకు 140 లేదా ఆపైన వస్తే షుగర్ కింద లెక్కేస్తారు. ఆ పద్ధతిలో చూసినా మీ 148 దాటినట్టే. కాబట్టి పరీక్ష తప్పేమో అన్న ఆశ పెట్టుకోవద్దు. అయితే ఇది తిండితో, నడకతో అదుపులోకి రావడానికి చాలా అవకాశం ఉన్న స్థాయి.

ఇక మాయ చేసే రెండో పని. అయిదో నెల దాటిన దగ్గర్నుంచి అది విడుదల చేసే హార్మోన్లు మీ ఒంట్లో ఇన్సులిన్‌ను మొద్దుబారుస్తాయి. నెలలు నిండేసరికి ఇన్సులిన్ పనితనం దాదాపు సగానికి పడిపోతుంది. ఇది ప్రతి తల్లికీ జరుగుతుంది. తిన్న చక్కెర తల్లి కండల్లోకి వెంటనే పోకుండా, రక్తంలో కాసేపు నిలిచి బిడ్డకు అందాలని శరీరం చేసుకునే ఏర్పాటది. చాలామంది తల్లుల క్లోమం రెట్టింపు పని చేసి దాన్ని సర్దుకుంటుంది. కొందరిలో అంత ఓపిక ఉండదు. మన దేశపు ఆడవాళ్లలో ఇలాంటివాళ్లు ఎక్కువ.

ఇప్పుడు మీరు చేసిన ఉపవాసం సంగతి. మామూలు మనిషి ఒక రాత్రి తినకపోతే కాలేయంలో దాచుకున్న చక్కెరతో తెల్లవారుతుంది. కడుపుతో ఉన్న మనిషికి అంత వెసులుబాటు ఉండదు. ఒకవైపు బిడ్డ రాత్రంతా గ్లూకోజ్ తీసుకుంటూనే ఉంటుంది, మరోవైపు శరీరం తొందరగా కొవ్వును కరిగించడానికి దిగుతుంది. మామూలు మనిషికి రెండు మూడు రోజుల ఉపవాసంలో వచ్చే మార్పులు గర్భిణికి ఒక్క పూట మానేస్తేనే మొదలవుతాయి. అమెరికా శాస్త్రవేత్త నార్బర్ట్ ఫ్రైంకెల్ దీన్ని వేగవంతమైన ఆకలి అన్నాడు. అలా కొవ్వు కరిగినప్పుడు పుట్టేవే మీ యూరిన్‌లో కనిపించిన కీటోన్స్. అవి కూడా మాయ పొరను దాటతాయి. మీ డాక్టర్ కోప్పడింది అందుకే. ఆ కోపంలో న్యాయం ఉంది.

పైగా పొద్దున మీరు తాగుతున్న టీ, బిస్కెట్ల దగ్గరే అసలు నష్టం జరుగుతోంది. ఉదయం పూట ఇన్సులిన్ మరీ మొద్దుగా ఉంటుంది. రాత్రంతా ఖాళీ కడుపు, లేవగానే మైదా, చక్కెర. గంట తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకుంటే మీకే తెలుస్తుంది. రోజు మొత్తం మీద తిన్నది తక్కువే, షుగర్ మాత్రం ఎక్కడా తగ్గదు. ఇలాంటి తల్లులు, అంతా మానేసినా షుగర్ తగ్గట్లేదు మేడమ్ అని ఏడ్చుకుంటూ వస్తారు.

తినకపోతే బిడ్డ చిక్కిపోతుందా అన్నారు. తల్లి తినకపోయినా బిడ్డ తనకు కావలసింది లాక్కుంటుందని చాలామంది ధైర్యంగా చెబుతారు. కొంతవరకే నిజం. 28వ వారంలో బిడ్డ కిలో చుట్టూ ఉంటుంది. ఆ తర్వాతి మూడు నెలల్లోనే మిగతా బరువంతా వేసుకోవాలి. మీరు సరిగ్గా ఆ గడప మీద నిలబడి ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి, మనిషికి రోజుకు వెయ్యి కేలరీలు కూడా అందని నెలలు గడిచాయి. ఆ కరువు చివరి మూడు నెలల గర్భంలో తగిలిన పిల్లలు దాదాపు 300 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. కథ అక్కడితో ఆగలేదు. పెద్దయ్యాక వాళ్ల శరీరాలు చక్కెరను సర్దుకోలేకపోవడం కూడా కనిపించింది.

మీరు రెండు కిలోలతో పుట్టానన్న మాట నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే ఈ కథ మనదే. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. సగటు బరువు ఇక్కడ 2.7 కిలోలు, అక్కడ 3.5. పొడవు, చేతి చుట్టుకొలత, పొట్ట, అన్నీ మనవాళ్లకు తక్కువే. వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. చూడ్డానికి బక్క, లోపల కండ తక్కువ, కొవ్వు మిగిలే ఉంది. ఇలాంటి శరీరాలే తర్వాతి కాలంలో తొందరగా షుగర్ బారిన పడతాయి. చిన్నగా పుట్టిన అమ్మాయి పెరిగి పెద్దదై గర్భం దాల్చినప్పుడు ఆమె క్లోమం అలసిపోతుంది. అంటే మీకు షుగర్ ఎందుకొచ్చిందన్న దానికి కొంత జవాబు మీ అమ్మగారు మిమ్మల్ని మోసిన రోజుల్లో ఉండి ఉండొచ్చు. ఇది మీ అమ్మగారి మీద నింద కాదు. ఆ రోజుల్లో ఆమెకు ఎవరు ఏం పెట్టారో, ఎంత రక్తహీనతతో ఉన్నారో మనకు తెలియదు. కానీ తక్కువ తింటే సుఖప్రసవం అన్న ఆమె సలహాను మాత్రం పక్కన పెట్టండి. అది ఆపరేషన్ సౌకర్యం లేని కాలంలో, మంత్రసాని చేతుల్లో ప్రాణాలు పెట్టిన కాలంలో పుట్టిన భయం.

మనకు దగ్గర్లోనే మరో ఉదాహరణ ఉంది. మీ ఉప్పల్ నుంచి అరగంట కూడా పట్టదు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు. ఆ సంస్థ 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్ల లోపు పిల్లలకూ అంగన్‌వాడీల ద్వారా రోజూ వండిన అదనపు ఆహారం అందించి చూసింది. ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక మళ్లీ వెతికి పరీక్షిస్తే, ఆ ఆహారం అందని పల్లెల పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు, ఇన్సులిన్ మెరుగ్గా పని చేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. తల్లి తిన్నదాని వల్ల ఎంత, పిల్లలు తిన్నదాని వల్ల ఎంత అని విడదీయలేం. అయినా ఒక పూట తిండి దాదాపు పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించిందంటే, ఆ ఫలితాలు చదివినప్పుడు నాకు చాలాసేపు వేరే పని మీద మనసు పోలేదు.

అత్తయ్యగారూ, ఈ నాలుగు మాటలు మీకు. ఇద్దరి కోసం తినాలన్న మీ మాటలో ప్రేమ ఉంది, లెక్కలో చిన్న సవరణ కావాలి. మన దేశపు సిఫార్సు ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది 350 కేలరీలు. ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు పల్లీలు కలిపితే దాదాపు అంతే. చివరి మూడు నెలల్లో అదనంగా కావలసిన ప్రోటీన్ 22 గ్రాములు, అది కూడా చాలావరకు ఈ మూడింట్లోనే వచ్చేస్తుంది. అన్నం రెట్టింపు చేయనక్కర్లేదు. శ్రీమంతానికి చలిమిడి లేకుండా ఎలా అని మీరు అడుగుతారు. బియ్యప్పిండి, బెల్లం పాకం కలిసిన ముద్ద అది. ఒడిలో పెట్టండి, వచ్చిన ముత్తయిదువులందరికీ పంచండి. మీ కోడలికి మాత్రం భోజనమయ్యాక శాస్త్రానికి చిటికెడు నోట్లో పెట్టి ఆశీర్వదించండి, చాలు. కడుపు చల్లగా ఉండాలన్న కోరిక మీ చేతి స్పర్శలోనే ఆమెకు చేరుతుంది. ఆ రోజు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ఒక స్వీటు నోట్లో కుక్కకుండా ఆమె పక్కన నిలబడే బాధ్యత మీరు తీసుకుంటే ఇంకా సంతోషం.

తిండి సంగతి వివరంగా చెబుతాను. రోజంతటి ఆహారాన్ని మూడు భోజనాలు, మధ్యలో రెండు చిన్న తిండ్లు, పడుకునే ముందు ఒకటి అన్నట్టు విడగొట్టండి. పొద్దున పెసరట్టు, లేదంటే రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఒక గుడ్డు. టీ మానలేకపోతే చక్కెర లేకుండా, తిన్న గంటన్నరకు. ఐరన్ మాత్ర టీతో గానీ, పాలతో గానీ, కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోవద్దు, ఒంటికి పట్టదు. మధ్యాహ్నం ముందు కూర, పప్పు తినడం మొదలుపెట్టి తర్వాత అన్నంలోకి రండి. అదే అన్నం, అదే పప్పు, కానీ వరస మారితే షుగర్ అంత ఎత్తుకు పోదు. అన్నం ఒక కప్పు చాలు, మానేయొద్దు. రాగి జావ గురించి చాలామందికి భ్రమ ఉంది. రాగులు మంచివే. మెత్తగా పిండి పట్టి, ఉడికించి, గటగటా తాగేస్తే అది చక్కెర నీళ్లకు పెద్ద దూరంలో ఉండదు. బెల్లం వేస్తే చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం పూట ఉడికించిన శనగలో, పల్లీలో, జామకాయ ముక్కలో తినండి. బత్తాయి జ్యూస్ తాగే అలవాటుంటే మానేసి బత్తాయి తొనలే తినండి. రాత్రి భోజనం ఎనిమిదికల్లా ముగించి, పడుకునే ముందు చక్కెర లేని గ్లాసు పాలు, నాలుగు బాదం గింజలు. కీటోన్స్‌కు మందు ఈ చివరి గ్లాసే. మీరు శాకాహారులైతే గుడ్డు బదులు పనీరో, సోయానో, ఇంకో గిన్నె పప్పో తినండి. ఒకసారి విటమిన్ బి12 పరీక్ష చేయించమని మీ డాక్టర్‌ను అడగండి.

ఇంట్లో గ్లూకోమీటర్ లేకపోతే కొనండి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, లేదా రెండు గంటలకు 120 లోపు ఉండాలి. ఒక చిన్న నోట్‌బుక్‌లో అంకె పక్కనే ఏం తిన్నారో కూడా రాయండి. వారం తిరిగేసరికి మీ ఒంటికి ఏ తిండి పడుతుందో, ఏది పడదో ఏ డైటీషియన్ చార్టూ చెప్పలేనంత స్పష్టంగా ఆ నోట్‌బుక్ చెబుతుంది.

ఇదంతా చేసినా ఒకటి రెండు వారాల్లో అంకెలు దిగకపోతే డాక్టర్ ఇన్సులిన్ అనవచ్చు. అప్పుడు మళ్లీ అన్నం మానేసి దాన్ని తప్పించుకోవాలని చూడకండి, మిమ్మల్ని ప్రాధేయపడి అడుగుతున్నాను. ముందే చెప్పాను కదా, ఇన్సులిన్ మాయను దాటదు, బిడ్డను తాకదు. నెలలు పెరిగే కొద్దీ మాయ హార్మోన్లు పెరుగుతాయి కాబట్టి డోసు పెరగడం కూడా మామూలే.

స్కాన్‌లో బిడ్డ బరువు చూసి ఎగిరిపడటం గానీ కుంగిపోవడం గానీ వద్దు. అది తల, పొట్ట, తొడ ఎముక కొలిచి వేసే అంచనా. పది పదిహేను శాతం అటూ ఇటూ అవుతుంది. మూడు కిలోలని రాస్తే 2.6 ఉండొచ్చు, 3.4 ఉండొచ్చు. మూడు నాలుగు వారాల ఎడంతో రెండు స్కాన్లు చూస్తే గానీ ఎదుగుదల దారి తెలియదు. పొట్ట చుట్టుకొలత ఒక్కటే ముందుకు ఉరుకుతుంటే షుగర్ వైపు చూస్తాం. ఎదుగుదల మందగిస్తే తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు. బీపీ వల్ల మాయకు రక్తం సరిగా అందకపోయినా అలా అవుతుంది, అప్పుడు ఎంత తిన్నా సరిపోదు. అందుకే ప్రతి చెకప్‌లో బీపీ చూపించుకోండి. బిడ్డ కదలికలు ఎప్పటికన్నా తగ్గాయనిపిస్తే తెల్లవారనివ్వకుండా ఆసుపత్రికి వెళ్లండి.

కాన్పు రోజు గురించి ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచుతాను. చాలా ఏళ్ల కిందట, 3.9 కిలోల బాబు పుట్టాడు. బొద్దుగా, ఎర్రగా, వార్డంతా వచ్చి చూసి మురిసిపోయేలా. గంటన్నరకు వాళ్ల అమ్మమ్మ వచ్చి, బాబు చేతులు వణుకుతున్నాయి, చలేస్తున్నట్టుంది అంది. మడమ మీద సన్నటి సూదితో గుచ్చి ఒక్క చుక్క రక్తం తీసి చూస్తే షుగర్ 31. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి నుంచి వచ్చే చక్కెరకు అలవాటుపడి ఆ చిన్న క్లోమం ఇన్సులిన్ పోస్తూనే ఉంది. బొడ్డుతాడు కోయగానే చక్కెర ఆగింది, ఇన్సులిన్ ఆగలేదు. వెంటనే చూసుకున్నాం, బాబు కోలుకున్నాడు. మీ బిడ్డకు అలా జరగకుండా ఉండాలంటే పుట్టిన గంటలోపే రొమ్ముకు పట్టాలి. మీకు షుగర్ ఉందని పిల్లల డాక్టర్‌కు ముందే తెలియాలి. తొలి రోజు బిడ్డ షుగర్‌ను అప్పుడప్పుడు చూస్తారు, మడమ మీద గుచ్చితే ఇంట్లోవాళ్లు అడ్డుపడకూడదు. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించే పెద్దలుంటే వాళ్లకు ఈ పేరా చదివి వినిపించండి.

మాయ పడిపోయిన రోజే ఆ హార్మోన్లు పోతాయి, సాధారణంగా మీ షుగర్ కూడా అప్పుడే దిగుతుంది. హాయిగా అనిపిస్తుంది, నోట్‌బుక్ ఎక్కడో పడేస్తారు. కానీ గర్భంలో షుగర్ వచ్చిన వాళ్లకు తర్వాతి ఏళ్లలో అసలు షుగర్ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా చాలా రెట్లు ఎక్కువ. బిడ్డకు ఆరు వారాల టీకాలు వేయించడానికి ఎలాగూ ఆసుపత్రికి వెళ్తారు. ఆ రోజు పరగడుపున వెళ్లి, ఈసారి మీ కోసం, ఆ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష మళ్లీ చేయించుకోండి. రెండు గంటలు కూర్చోవాలి కాబట్టి బిడ్డను ఎత్తుకోవడానికి అమ్మనో అత్తయ్యనో వెంట తీసుకెళ్లండి. ఇప్పటి రిపోర్టు కూడా సంచిలో పెట్టుకోండి, అక్కడి డాక్టర్ అడుగుతారు.